కోకోపీట్‌లో ఆకులు పసుపెక్కితే ఎరువు పెంచకండి, ముందు కిందకు కారే నీళ్లు కొలవండి

మీ పరిస్థితి నాకు అర్థమైనంతవరకు ఇదీ. 15 లీటర్ల గ్రోబ్యాగుల్లో ఒట్టి కోకోపీట్ (కొబ్బరి పీచు తీయగా మిగిలే పొట్టు) నింపి టమాటా, క్యాప్సికం పెట్టారు. కోకోపీట్ దిమ్మను నీళ్లలో నానబెట్టి, విడదీసి, నేరుగా వాడారు. వారానికి రెండుసార్లు 19:19:19 ఎరువు లీటరుకు 2 గ్రాములు, మిగతా రోజుల్లో మామూలు నీళ్లు. నెలన్నర దాకా మొక్కలు బాగానే ఉన్నాయి. తర్వాత కింది ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపెక్కింది, చిగుళ్లు ముడుచుకున్నాయి, టమాటా కాయల అడుగు నల్లబడుతోంది. ఎరువు 3 గ్రాములకు పెంచారు, కోడిగుడ్డు పెంకుల పొడి వేశారు. ఇప్పుడు ఆకుల అంచులు కూడా మాడుతున్నాయి. ఇది ఏ లోపం అని మీ ప్రశ్న.

మెగ్నీషియం, కాల్షియం రెండూ మీ మొక్కకు అందడం లేదు. దానికి తోడు సంచిలో లవణాలు పేరుకున్నాయని గట్టిగా అనుకుంటున్నాను. ఇది ఎరువు తక్కువై వచ్చిన సమస్య కాదు. అందుకే ఎరువు పెంచిన కొద్దీ ముదిరింది. టెన్షన్ పడకండి, చిగురు బతికి ఉంటే ఈ మొక్కలు కోలుకుంటాయి. అయితే ఎందుకిలా జరిగిందో తెలియకుండా మందు వేస్తే వచ్చే నెల మళ్లీ ఇదే జరుగుతుంది. కాబట్టి కొంచెం ఓపికగా చదవండి.

కోకోపీట్‌ను చాలామంది మట్టికి బదులు వాడే ఒక తేలికపాటి మట్టి అనుకుంటారు. అక్కడే తప్పు మొదలవుతుంది. మంచి మట్టిలో ఎంతోకొంత కాల్షియం, మెగ్నీషియం, ఇనుము ముందే ఉంటాయి. కోకోపీట్‌లో మొక్క తినడానికి పొటాషియం తప్ప చెప్పుకోదగ్గదేమీ ఉండదు. పైగా అది ఖాళీ గిన్నె లాంటిది కూడా కాదు. ఆ పొట్టు రేణువుల మీద ఋణావేశం ఉన్న చోట్లు బోలెడు ఉంటాయి. కొత్త కోకోపీట్‌లో ఆ చోట్లను పొటాషియం, సోడియం ఆక్రమించి ఉంటాయి. కొబ్బరిలోనే పొటాషియం ఎక్కువ. ఇక పీచును ఉప్పునీటి కయ్యల్లో నానబెట్టి ఉంటే సోడియం కూడా బాగా పడుతుంది. మీరు కాల్షియం, మెగ్నీషియం ఉన్న నీళ్లు పోయగానే పొట్టు వాటిని పట్టేసుకుని, బదులుగా పొటాషియం, సోడియంలను నీళ్లలోకి వదిలేస్తుంది. అంటే మీరు మొక్కకు పెట్టిన కాల్షియాన్ని ముందు కోకోపీట్ తింటుంది, మిగిలితే మొక్కకు. పైగా అలా వదిలిన పొటాషియం వేరు దగ్గర మెగ్నీషియం, కాల్షియంలతో పోటీపడి వాటిని లోపలికి పోనివ్వదు.

ఇప్పుడు మీరు వేసిన ఎరువు సంగతి. 19:19:19 లో నత్రజని, భాస్వరం, పొటాష్ ఒక్కోటి 19 శాతం ఉన్నాయి (భాస్వరం, పొటాషియంలను ఆక్సైడ్ రూపంలో లెక్కగట్టి), కాల్షియం లేదు, మెగ్నీషియం లేదు. లీటరుకు 2 గ్రాములు వేసినప్పుడు నత్రజని 380 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు), భాస్వరం సుమారు 165, పొటాషియం సుమారు 315 పడుతుంది. కాపు మీదున్న టమాటాకు సాధారణంగా నత్రజని 150 నుంచి 200, భాస్వరం 40 నుంచి 50, పొటాషియం 250 నుంచి 300, కాల్షియం 150 నుంచి 200, మెగ్నీషియం 40 నుంచి 50 పీపీఎం చాలు. ఈ రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి చూడండి. నత్రజని రెట్టింపు, భాస్వరం మూడు రెట్లకు పైగా, కాల్షియం సున్నా, మెగ్నీషియం సున్నా. మీ నీళ్లలో సహజంగా ఉన్న కాస్త సున్నంతోనే మొక్క నెలన్నర నెట్టుకొచ్చింది. కాయలు పడి అవసరం పెరిగేసరికి చేతులెత్తేసింది. ఆ ఎరువు చెడ్డదని నేను అనడం లేదు. మట్టిలో అది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే మిగతావి మట్టి ఇస్తుంది. కోకోపీట్‌లో ఒంటరిగా వాడితే మాత్రం ఇదే జరుగుతుంది.

ఇంకో చిక్కు ఉంది. ఇలాంటి ఎరువుల్లో నత్రజని చాలా భాగం యూరియా, అమ్మోనియం రూపంలో ఉంటుంది. యూరియా నీళ్లలో కరిగినా విద్యుత్తును ప్రసారం చేయదు కాబట్టి ఈసీ మీటరు (నీళ్లలో విద్యుత్ ప్రసారాన్ని బట్టి కరిగిన లవణాలను కొలిచేది) దాన్ని చూపించదు. మీటర్లో అంకె తక్కువగా ఉందని ఇంకొంచెం వేస్తాం. తర్వాత అది అమ్మోనియంగా మారి, కాల్షియం తీసుకోవడానికి అడ్డుపడుతుంది. కోకోపీట్‌లో నత్రజని ఎక్కువ భాగం నైట్రేట్ రూపంలో ఉండాలని అనుభవజ్ఞులు పట్టుబట్టేది ఇందుకే.

సరే, రోగ నిర్ధారణ. ఆకు ఫోటో చూసి లోపం పేరు చెప్పమని అందరూ అడుగుతారు. ఆకు చెప్పేది నిజమే, కానీ సగమే. మొక్క లోపల మెగ్నీషియం లేదని ఆకు చెప్తుంది. సంచిలో మెగ్నీషియం లేదో, ఉండి కూడా వేరుకు అందడం లేదో అది చెప్పలేదు. ఈ పాఠం నేను కష్టంగా నేర్చుకున్నాను. మొదట్లో నా క్యాప్సికం మొక్కలకు ఇలాగే ఈనెల మధ్య పసుపు వస్తే మూడు వారాల పాటు ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) పిచికారీ చేశాను, వేరుకూ పోశాను. పసుపు ఆగలేదు, ఆకులు రాలిపోయాయి. చివరికి కిందకు కారిన నీళ్లు కొలిస్తే ఈసీ 4 దాటి ఉంది. నేను పోస్తున్నది 1.6 మాత్రమే. అంత ఉప్పులో వేరు నీళ్లే లాగలేకపోతోంది, మెగ్నీషియం ఏం లాగుతుంది? నేను మందు అనుకుని పోసిన ప్రతి చెంచా ఆ ఉప్పును ఇంకా పెంచింది. పన్నెండు మొక్కల్లో ఏడు పోయాయి. అప్పటినుంచి మీటరు పెట్టకుండా ఏ మొక్కకూ ఏ మందూ వేయలేదు.

కాబట్టి ముందు నీళ్ల ఆమ్లత్వం కొలిచే ఒక పీహెచ్ మీటరు, ఒక ఈసీ మీటరు దగ్గర పెట్టుకోండి. పీహెచ్ మీటరును 7, 4 ద్రావణాలతో, ఈసీ మీటరును 1.413 ద్రావణంతో సరిచూసుకోవాలి. సరిచూడని మీటరు లేని మీటరు కన్నా ప్రమాదం. ఈసీని మిల్లీసీమెన్స్‌లోనే చదవండి, నేను చెప్పే ఈసీ అంకెలన్నీ అందులోనే. పీపీఎంలో చదివితే ఒకే నీటికి ఒక మీటరు 500 అని, ఇంకోటి 700 అని చూపిస్తుంది, ఎందుకంటే రెండు రకాల లెక్కలు వాడుకలో ఉన్నాయి. ఇద్దరు వ్యక్తులు పీపీఎంలో మాట్లాడుకుంటే సగం గొడవలు దీనివల్లే.

కొలిచే పద్ధతి సులువు. ఎప్పటిలాగే నీళ్లు పోసి అరగంట, గంట ఆగండి. సంచి కింద శుభ్రమైన పళ్లెం పెట్టి, పైనుంచి నెమ్మదిగా 200 మి.లీ. దాకా నీళ్లు పోయండి. ముందుగా కారిన 50 నుంచి 100 మి.లీ. మాత్రమే పట్టి కొలవండి. అవి వేరు చుట్టూ ఉన్న నీళ్లు. ఎక్కువ పోస్తే మీరు పోసిన నీళ్లే బయటికొచ్చి అంకె తప్పుతుంది. రెండు మూడు సంచులకు చేయండి, ఒక్కదాని మాట నమ్మకండి.

బయటికొచ్చిన ఈసీ, లోపలికి పోసినదానికంటే 1 కన్నా ఎక్కువ పెరిగిందంటే లవణాలు పేరుకున్నాయి. అప్పుడు ఆకు మీద ఏ లోపం కనిపించినా దాన్ని పక్కన పెట్టి ముందు కడగాలి. బయటిది లోపలిదానికన్నా తక్కువ ఉంటే మొక్క ఆకలిగా ఉంది, లేదా కొత్త కోకోపీట్ ఇంకా పట్టేసుకుంటోంది. అప్పుడు మాత్రమే ఎరువు పెంచడం న్యాయం. రెండూ దగ్గరదగ్గరగా ఉంటే మొత్తం ఎరువు సరిపోయింది. ఇక చూడాల్సింది పీహెచ్, పోషకాల మధ్య నిష్పత్తి, వేర్ల ఆరోగ్యం. పీహెచ్ విషయంలో మీరు పోసే నీళ్లు 5.8 దగ్గర ఉండాలి. 5.5 నుంచి 6.2 మధ్య ఎటు ఊగినా ఫర్వాలేదు. కారే నీళ్ల పీహెచ్‌ను ఒక్కసారి చూసి కంగారు పడకండి. అది రోజురోజుకీ మారుతుంది. వారం పాటు రాసుకుంటే అది ఎటు పోతోందో తెలుస్తుంది, దాన్నే పట్టించుకోవాలి.

ఇప్పుడు ఆకు దగ్గరకు వద్దాం. మొదట చూడాల్సింది రంగు కాదు, చోటు. నత్రజని, భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం మొక్క లోపల కదలగలవు. కొరత వస్తే మొక్క ముదురాకుల నుంచి వాటిని లాగి చిగురుకు ఇస్తుంది, కాబట్టి దెబ్బ కింది ఆకుల్లో కనిపిస్తుంది. కాల్షియం, ఇనుము, బోరాన్ అలా కదలవు. మాంగనీస్, జింక్, గంధకం కూడా అంతగా కదలవు. వీటి దెబ్బ లేతాకుల్లో, చిగుళ్లలో కనిపిస్తుంది. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే సగం గందరగోళం పోతుంది.

కింది ఆకు మొత్తం సమంగా పాలిపోతే నత్రజని. ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపు వస్తే మెగ్నీషియం. ఆకు అంచు పసుపెక్కి, తర్వాత మాడిపోతే పొటాషియం. కానీ కోకోపీట్‌లో, అందులోనూ మొదటి పంటలో, పొటాషియం లోపం చాలా అరుదు. అంచు మాడితే నేను ముందు ఉప్పునే అనుమానిస్తాను. మీ మొక్కలో అంచులు మాడింది ఎరువు పెంచాక కదా, అందుకే అది పొటాషియం లోపం కాదంటున్నాను. భాస్వరం లోపంలో ఆకులు ముదురు పచ్చగా, అడుగున ఊదారంగుగా మారి ఎదుగుదల ఆగిపోతుంది. వేళ్ల దగ్గర చల్లగా ఉన్నా ఇదే కనిపిస్తుంది. మీరు వేసిన మోతాదుకు దాని ఊసే అక్కర్లేదు.

లేతాకుల్లో ఈనెల మధ్య పసుపు వస్తే ఇనుము. మెగ్నీషియంలాగే కనిపిస్తుంది, చోటే తేడా. ఇనుము లోపం కనిపించిన చోట పది సార్లలో ఎనిమిది సార్లు నేను చూసిన కారణం పీహెచ్ 6.5 దాటడమో, వేర్లు నీళ్లలో ఊపిరాడక ఉండటమో. అప్పుడు ఇనుము వేసే ముందు పీహెచ్ దించండి. చీలేటెడ్ ఇనుములోనూ (ఇంకో రసాయనం పట్టి ఉంచి కరిగే రూపంలో నిలిపిన ఇనుము) రకాలున్నాయి. ఈడీటీఏ రకం పీహెచ్ 6.5 దాకానే నిలుస్తుంది, డీటీపీఏ రకం 7.5 దాకా, ఈడీడీహెచ్ఏ రకం అంతకన్నా పైన కూడా నిలుస్తుంది. నీళ్లు కఠినంగా ఉన్నవాళ్లకు ఈ తేడా చాలా ముఖ్యం. మాంగనీస్ లోపం ఇనుములాగే ఉంటుంది, కాకపోతే సన్నని వలలాగా కనిపించి మధ్యలో చిన్న మచ్చలు వస్తాయి. జింక్ లోపంలో ఆకులు చిన్నబోయి, కణుపులు దగ్గరై గుత్తిలా అవుతాయి. బోరాన్ లోపంలో చిగురే చచ్చిపోతుంది. బోరాన్‌ను విడిగా మాత్రం ఎప్పుడూ వేయకండి. చాలినంతకూ విషానికీ మధ్య దూరం చాలా తక్కువ. ఈ నాలుగింటికీ కలిపి అమ్మే సూక్ష్మపోషకాల మిశ్రమం లేబుల్ మీద చెప్పిన మోతాదులో చాలు.

కాల్షియం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మీ కాయల అడుగు నల్లబడటం దానివల్లే. కాల్షియం మొక్కలో నీటితో పాటే ప్రయాణిస్తుంది. ఆకులు ఆవిరి వదిలితే నీళ్లు పైకి లాగబడతాయి, ఆ నీళ్లలో కాల్షియం వెళ్తుంది. కాయ అంతగా ఆవిరి వదలదు కాబట్టి దాని వాటా ఎప్పుడూ తక్కువే. ఒకరోజు సంచి ఎండిపోయి, మరుసటి రోజు ముంచెత్తితే కాయకు అందే కాస్తా తెగిపోతుంది. సంచిలో కాల్షియం నిండుగా ఉన్నా అడుగు నల్లబడవచ్చు. చిగుళ్లకు కూడా అంతే, ఉక్కగా, గాలి ఆడని చోట మొక్క ఆవిరి వదలలేక లేతాకుల కొసలు మాడతాయి. ఆకుల మీద కాల్షియం పిచికారీ చేస్తే కాయ లోపలికి వెళ్లేది చాలా కొద్ది. గుడ్డు పెంకుల పొడి కాల్షియం కార్బొనేట్. అది కరగడానికి నెలలు పడుతుంది, కరిగినంత మేర పీహెచ్‌ను పెంచుతుంది. పైన కనిపిస్తున్నంత పొడి తీసేయండి.

అయితే చిగుళ్ల ముడుత విషయంలో ఒక్క జాగ్రత్త. భూతద్దంతో లేతాకుల అడుగు తప్పకుండా చూడండి. తామర పురుగులు, నల్లులు, తెల్లదోమ మోసుకొచ్చే ఆకుముడుత వైరస్, ఇవన్నీ కాల్షియం లోపంలాగే చిగురును ముడిచేస్తాయి. కొన్ని నల్లులు మామూలు కంటికి కనపడవు. ముడుత ఒకటి రెండు మొక్కల్లోనే ఉండి, అదే నీళ్లు తాగుతున్న పక్క మొక్క బాగుంటే పోషకాల కన్నా పురుగు, వైరస్‌లనే ముందు అనుమానించాలి. లోపం సాధారణంగా ఒకేలా పెంచిన మొక్కలన్నింటిలో కనిపిస్తుంది. అలాగే వేరు కూడా చూడండి. సంచి పక్కన కొంచెం తెరిస్తే వేర్లు తెల్లగా ఉండాలి. గోధుమరంగులో, జిగటగా, కుళ్లు వాసన వస్తుంటే ఏ ఎరువూ పనిచేయదు. ముందు నీళ్లు తగ్గించి గాలి ఆడేలా చేయాలి.

ఇక ఏం చేయాలో చెప్తాను. మొదటి రోజు కడగండి, కానీ ఒట్టి నీళ్లతో కాదు. లీటరుకు కాల్షియం నైట్రేట్ అర గ్రాము, ఎప్సమ్ సాల్ట్ పావు గ్రాము కలిపి, పీహెచ్ 5.8 కు తెచ్చిన నీళ్లు వాడండి. ఒట్టి నీళ్లు తేలిగ్గా కరిగే పోషకాలన్నీ కొట్టుకుపోయేలా చేస్తాయి, పొట్టుకు అంటుకున్న సోడియం, పొటాషియం మాత్రం అంత తేలిగ్గా వదలవు. వాటిని అక్కడినుంచి తోసేది కాల్షియమే. ఒక్కో సంచికి 15 నుంచి 30 లీటర్లు, గంటా రెండు గంటల పాటు విడతలు విడతలుగా పోయండి. కారే నీళ్ల ఈసీకీ మీరు పోసేదాని ఈసీకీ తేడా 0.5 కు దిగేదాకా ఆపకండి. ఎండ మండుతున్న వేళ వద్దు, పొద్దున్నే మొదలుపెట్టండి. పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోయండి, లేకపోతే ఆ ఉప్పునే సంచి మళ్లీ పీల్చుకుంటుంది.

మర్నాటి నుంచి మీ దగ్గరున్న 19:19:19 తోనే సరైన మిశ్రమం చేసుకోవచ్చు. లీటరుకు కాల్షియం నైట్రేట్ 0.8 గ్రాము, 19:19:19 0.4 గ్రాము, పొటాషియం సల్ఫేట్ 0.4 గ్రాము, ఎప్సమ్ సాల్ట్ 0.5 గ్రాము, సూక్ష్మపోషకాల మిశ్రమం. దీంతో నత్రజని 200, భాస్వరం 33, పొటాషియం సుమారు 230, కాల్షియం 150, మెగ్నీషియం 49 పీపీఎం వస్తాయి. ఈసీ 2 చుట్టూ ఉంటుంది. దెబ్బతిన్న మొక్కలకు మొదటి వారం ఇందులో సగం బలంతో ఇవ్వండి, తర్వాత పూర్తి మోతాదు. నారు దశలో ఈసీ ఇంతకన్నా బాగా తక్కువ ఉండాలి. మీ నీళ్లలో ముందే ఈసీ 0.5 కన్నా ఎక్కువ ఉంటే అందులో చాలావరకు కాల్షియం, మెగ్నీషియమే కావచ్చు. నీటి పరీక్ష చేయించి ఆ మేరకు తగ్గించుకోవాలి. ఆర్‌వో నీళ్లు, వాన నీళ్లు వాడేవాళ్లు మాత్రం తగ్గించకూడదు, వాటిలో ఏమీ ఉండదు.

కలిపే వరుస తప్పొద్దు. కాల్షియం నైట్రేట్‌ను, సల్ఫేట్లు భాస్వరం ఉన్నవాటిని చిక్కగా ఒకే గిన్నెలో కలిపితే తెల్లగా విరిగి అడుగున పేరుకుంటుంది. అదంతా మొక్కకు అందకుండా పోయిన ఎరువే. ముందు డ్రమ్ము నిండా నీళ్లు తీసుకుని, ఒక్కోదాన్ని విడిగా కరిగించి, ఒకదాని తర్వాత ఒకటి పోసి కలపండి. పీహెచ్ అన్నిటికన్నా చివర చూడాలి. దించడానికి పలుచని ఫాస్ఫారిక్ ఆమ్లం మంచిది. ఆమ్లాన్ని నీళ్లలో పోయాలి, నీళ్లను ఆమ్లంలో ఎప్పుడూ పోయకూడదు. నిమ్మ ఉప్పు, వెనిగర్ ఆ పూటకు పీహెచ్ దించుతాయి. తర్వాత సూక్ష్మజీవులు వాటిని తినేయడంతో మళ్లీ పెరుగుతుంది.

కింది ఆకుల కోసం ఎప్సమ్ సాల్ట్ లీటరుకు 5 గ్రాములు కలిపి సాయంత్రం వేళ వారానికోసారి, రెండు వారాలు పిచికారీ చేయండి. వేరు కోలుకునేలోపు ఇది ఆసరా మాత్రమే.

నీళ్ల అలవాటు కూడా మారాలి. వారానికి రెండు రోజులు గట్టి ఎరువు, మిగతా రోజులు ఒట్టి నీళ్లు అన్నది మట్టి పద్ధతి. కోకోపీట్‌లో ప్రతి తడికీ పలుచని ఎరువు ఉండాలి, ప్రతి తడిలో 10 నుంచి 20 శాతం కిందకు కారిపోవాలి. పైపొర ఎండినట్టు కనిపించినా అడుగున తడి ఉండవచ్చు, కాబట్టి కంటిని నమ్మకుండా సంచిని కాస్త ఎత్తి బరువు చూడండి. పూర్తిగా ఎండనివ్వడం మాత్రం పెద్ద నష్టం. నీళ్లు ఆవిరై ఉప్పు మిగిలి, ఈసీ ఒక్కరోజులో రెట్టింపు కావచ్చు. కాపు మీదున్న టమాటాకు రోజుకు రెండు మూడు చిన్న తడులు, ఒక పెద్ద తడి కన్నా మేలు.

ఫలితం కోసం పాత ఆకుల వైపు చూడకండి. మాడిన చోటు మళ్లీ పచ్చబడదు, మెగ్నీషియం పసుపు కొద్దిగా తగ్గితే తగ్గవచ్చు. కొత్తగా విచ్చుకునే ఆకుల్ని చూడండి. ఒక చిగురుకు దారం కట్టి, రోజూ అదే వేళకు ఫోటో తీయండి. వారం, పది రోజుల్లో ఆ చిగురు నిటారుగా, సమమైన రంగుతో వస్తే దారిలో పడ్డట్టే. ఈలోపు ఇంకేమీ మార్చకండి. రోజుకో మందు వేస్తే ఏది పనిచేసిందో ఎవరూ చెప్పలేరు.

మళ్లీ కొత్త దిమ్మ వాడేటప్పుడు, నానబెట్టి పిండిన నీళ్ల ఈసీ 0.5 కు దిగేదాకా కడగండి. తర్వాత లీటరుకు 2 నుంచి 3 గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, మరోసారి మంచి నీళ్లతో కడిగి నింపండి. 5 కిలోల దిమ్మ 60 నుంచి 75 లీటర్ల దాకా ఉబ్బుతుంది, దానికి తగ్గ తొట్టి ముందే చూసుకోండి. ఇలా చేసిన కోకోపీట్ మొదటిరోజు నుంచే మీ కాల్షియాన్ని దోచుకోదు.

ఇవాళే చేయాల్సింది ఒకటుంది. అడుగు నల్లబడిన కాయలన్నీ కోసేయండి. అవి బాగుపడవు, ఉన్నంతసేపూ మొక్క వాటిని మోస్తూనే ఉంటుంది. తర్వాత నాలుగు అంకెలు కొలిచి చెప్పండి: మీ మామూలు నీళ్ల ఈసీ, మీరు పోసే ఎరువు నీళ్ల ఈసీ, పీహెచ్, కిందకు కారిన నీళ్ల ఈసీ. అవి చూసి మోతాదులు మీ నీళ్లకు తగ్గట్టు సరిచేసి చెప్తాను.